మాటు వేసిన బాయిలరు

బాన్సువాడలో మా ఇంటి పెరట్లో ఒక రాగి బాయిలరు ఉండేది. నడుమ పొగగొట్టం, చుట్టూ నీళ్ళు, అడుగున బొగ్గులు. ఒక చలికాలం గొట్టం అతుకు దగ్గర చెమ్మ కనిపిస్తే నాన్నగారు మాటు వేయించారు. వారం తిరక్కముందే ఆ మాటు ఊడి నీళ్ళు నిప్పుల మీద పడ్డాయి. పెరడంతా బూడిద, ఆవిరి. పనివాడు వాడినది సీసం, తగరం కలిపిన మెత్తని టంకమని తరువాత తెలిసింది. అది 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలవుతుంది. నీళ్ళున్నంతవరకు అతుకు నిలుస్తుంది. మట్టం తగ్గితే నిలువదు. మూత తెరుచుకునేది కనుక ఆవిరి లోపల బిగుసుకోలేదు, బతికిపోయాం.

అమెరికాలో సుల్తానా అనే స్టీమరుకు ఆ అదృష్టం లేకపోయింది. విక్స్‌బర్గ్ రేవులో దాని బాయిలరు కారుతుంటే, పూర్తి మరమ్మతుకు రోజులు పడుతుందని పలుచని రేకుతో మాటు వేసి ప్రయాణం సాగించారు. 1865 ఏప్రిల్ 27న మిసిసిపీ నదిపై బాయిలర్లు పేలాయి. అంతర్యుద్ధపు చెర వీడి ఇళ్ళకు పోతున్న సైనికులతో సహా వెయ్యిమందికి పైగా మరణించారు. పేలుడుకు కారణాలు అనేకం చెబుతారు గానీ, ఆ మాటు మీది అనుమానం మాత్రం నేటికీ తొలగలేదు.

మన దేశంలోనూ 1863లో కలకత్తాలో బాయిలరు పేలిన తరువాతే, 1864లో బెంగాలులో తనిఖీ చట్టం వచ్చింది. అనుమతి లేనిదే బాయిలరు నిర్మాణంలో మార్పులు చేయరాదని 1923 నాటి చట్టం శాసించింది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఆవిరి ఒత్తిడి లేని ఇంటి బాయిలర్లు వీటి పరిధిలోకి రావు.

నాన్నగారు చివరకు కంచరి చేత ఇత్తడితో గట్టి అతుకు వేయించారు. బొగ్గులు రాజేసే ముందు నీళ్ళ మట్టం చూసే తనిఖీ అధికారి మాత్రం మా అమ్మే.