బర్గండీ ద్రాక్షసీమలో సైకిల్ యాత్ర: పాత పనిబాటలే ప్రశాంత మార్గాలు

ఫ్రాన్సు తూర్పు భాగంలోని బర్గండీ ప్రాంతం శతాబ్దాలుగా వైన్ తయారీకి ప్రసిద్ధి. ఆ ద్రాక్షతోటల నడుమ సైకిల్‌పై నెమ్మదిగా సాగే యాత్రలు నేడు అంతే పేరు పొందాయి. వాహనాల హోరు వినిపించని ఈ మార్గాలలో చాలావరకు విహారం కోసం వేసినవి కావు. రైతులు తోటలకు వెళ్లిన బాటలు, పడవలను లాగిన కాలువగట్లు, రైళ్లు ఆగిపోయిన పట్టాల దారులే క్రమంగా సైకిల్ మార్గాలుగా మారాయి. నేటి యాత్రికుడు అనుభవిస్తున్న ప్రశాంతతకు మూలం ఈ పాత పనిబాటలేనని చెప్పవచ్చు.

తోటల నడుమ 22 కిలోమీటర్లు

డిజాన్ నగరం నుంచి దక్షిణాన సాంట్నే గ్రామం వరకు సుమారు 60 కిలోమీటర్ల పొడవున ఒక కొండవాలు విస్తరించి ఉంది. దీని పేరు కోత్ దోర్. తోటల పట్టీ వెడల్పు కొన్నిచోట్ల కిలోమీటరుకు మించదు. ఈ వాలుకు నడుమ ఉన్న బోన్ పట్టణం నుంచి సాంట్నే వరకు సుమారు 22 కిలోమీటర్ల సైకిల్ మార్గం ఉంది. ఫ్రెంచిలో దీనిని ‘వా దే విన్’ అంటారు. ద్రాక్షతోటల దారి అని అర్థం. పొమ్మార్, వోల్నే, మెర్సో, పులిన్యీ మోంరాషే, శాసాన్ మోంరాషే గ్రామాల గుండా ఇది సాగుతుంది. పేరెన్నికగన్న ఈ వైన్‌లన్నీ ఆయా గ్రామాల పేర్లతోనే అమ్ముడవుతాయి. ఒక గ్రామపు చర్చి శిఖరం వెనుకబడక ముందే తరువాతి గ్రామపు శిఖరం కనిపించడం ఈ మార్గపు విశేషం.

తెలంగాణలో హైదరాబాద్ పరిసరాల ద్రాక్ష సాగును ఎరిగినవారికి తీగలు తలపైన పందిరిపై అల్లుకున్న దృశ్యం పరిచితమే. బర్గండీలో పందిళ్లు ఉండవు. తీగలను నడుము ఎత్తుకు మించకుండా కత్తిరించి, తీగెల ఆధారంతో వరుసలుగా పెంచుతారు. వరుసకూ వరుసకూ మధ్య దూరం సుమారు ఒక మీటరు మాత్రమే. హెక్టారుకు దాదాపు 10,000 మొక్కలు నాటడం ఇక్కడి ఆనవాయితీ. అందువల్ల సైకిల్‌పై కూర్చున్నవారికి వాలు మొత్తం కనులముందు పరచినట్లు కనిపిస్తుంది. ఇరుకైన వరుసల మధ్య మామూలు ట్రాక్టరు పట్టదు గనుక, తీగల వరుసకు ఇరువైపులా చక్రాలు ఉండి దానిపైగా నడిచే ఎత్తయిన ట్రాక్టర్లను వాడతారు. సైకిల్ మార్గంలో తరచుగా ఎదురయ్యే వాహనం ఇదే.

ప్రతి మడికీ ఒక పేరు

ఈ వాలుపై ఒకే గ్రామంలో, రాతిగోడకు ఇవతలి మడి వైన్‌కు ఒక ధర, అవతలి మడి వైన్‌కు మరొక ధర పలకడం సాధారణం. వాలు, ఎండ తగిలే దిక్కు, మట్టిలోని సున్నపురాయి పాలు మారితే ద్రాక్ష రుచి మారుతుందని ఇక్కడి రైతులు తరతరాలుగా గమనించి మడులకు పేర్లు పెట్టారు. ఈ మడులను ‘క్లిమా’ అంటారు. 1,247 క్లిమాలతో కూడిన ఈ సీమను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బోన్‌కు ఉత్తరాన వోన్ రోమనే గ్రామంలోని రోమనే కోంతీ తోట విస్తీర్ణం 1.8 హెక్టార్లే. అంటే నాలుగున్నర ఎకరాలకు మించదు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్‌లలో ఒకటి ఇక్కడినుంచే వస్తుంది. తోట అంచున ఒక రాతి శిలువ తప్ప ఆర్భాటమేమీ ఉండదు. దానికి సమీపంలో క్లో ద వూజో అనే ప్రహరీగోడ గల తోట ఉంది. సీతో మఠానికి చెందిన సన్యాసులు 12వ శతాబ్దం నుంచి దీనిని సాగుచేశారు. సుమారు 50 హెక్టార్ల ఈ తోట ఫ్రెంచి విప్లవం తరువాత మఠం చేతినుంచి జారి, నేడు 80 మంది వరకు యజమానుల మధ్య పంపకమై ఉంది.

ఈ సీమకు ఇంత పేరు రావడంలో పాలకుల పాత్రా ఉంది. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ గామే రకపు ద్రాక్షను తొలగించాలని ఆజ్ఞాపించాడు. ఎక్కువ కాపు కాసినా దాని వైన్ నాసిరకమన్నది ఆయన అభిప్రాయం. నేడు ఈ వాలుపై ఎర్ర వైన్‌కు పీనో న్వార్, తెల్ల వైన్‌కు షార్దొనే రకాలదే ఆధిపత్యం. బోన్‌లో రంగురంగుల పెంకులతో మెరిసే ధర్మాసుపత్రిని 1443లో డ్యూక్ మంత్రి నికొలా రొలాఁ, ఆయన భార్య స్థాపించారు. 1971 వరకు అక్కడ రోగులకు వైద్యం అందేది. దాతలు ఆసుపత్రికి ఇచ్చిన తోటల వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు. ఏటా నవంబరు మూడవ ఆదివారం జరిగే ఈ వేలం నేటికీ కొనసాగుతోంది.

రైలుదారి, కాలువగట్టు

తోటల బాట సాంట్నేతో ముగిసినా ప్రయాణం ముగియదు. అక్కడికి దగ్గరలోనే సాంత్ర్ కాలువ ఉంది. సోన్ నదిని లువార్ నదితో కలిపే ఈ 112 కిలోమీటర్ల కాలువ 1790వ దశకం ఆరంభంలో రాకపోకలకు సిద్ధమైంది. గోదావరి, కృష్ణా డెల్టా కాలువలపై ఒకప్పుడు పడవలను గట్టు మీద నుంచి తాడుతో లాగినట్లే ఇక్కడా మనుషులు, గుర్రాలు పడవలను లాగేవారు. మోటారు పడవలు వచ్చాక ఆ గట్లకు పని లేకపోయింది. కాలువగట్టు సహజంగానే చదునుగా ఉంటుంది, నీటి పక్కన చెట్ల నీడ ఉంటుంది. అందుకే సైకిల్‌కు ఇంతకంటే అనువైన దారి దొరకదు. అట్లాంటిక్ తీరం నుంచి నల్లసముద్రం వరకు సాగే ‘యూరోవెలో 6’ మార్గం ఈ కాలువ వెంబడే వెళుతుంది. బర్గండీ ఉత్తర భాగంలో 1832లో ప్రారంభమైన 242 కిలోమీటర్ల బర్గండీ కాలువ గట్టుపైనా సైకిల్ యాత్రికులు కనిపిస్తారు.

మరింత దక్షిణాన జివ్రీ నుంచి క్లూనీ వరకు 44 కిలోమీటర్ల మార్గం పూర్తిగా పాత రైలుదారిపై ఏర్పడింది. 1997లో ప్రారంభమైన ఈ దారి ఫ్రాన్సులో తొలి ‘హరిత మార్గం’గా పేరు పొందింది. మోటారు వాహనాలకు ఇక్కడ ప్రవేశం లేదు. రైలు ఎక్కగలిగినంత వాలే ఉంటుంది గనుక పిల్లలు, వృద్ధులు సైతం అలుపు లేకుండా తొక్కగలరు. దారి చివర ఉన్న క్లూనీ మఠం 910లో స్థాపితమైంది. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ ఆలయం నిర్మాణం వరకు క్రైస్తవ లోకంలో అతిపెద్ద ఆలయం ఇక్కడిదే. విప్లవానంతరం దానిని కూల్చి రాళ్లు అమ్ముకోగా కొద్దిభాగమే మిగిలింది. క్లూనీ దాటాక మాకోఁ వైపు వెళ్లే దారిలో 1.6 కిలోమీటర్ల పాత రైలు సొరంగం ఉంది. గబ్బిలాలు నిద్రించే చలికాలంలో దీనిని మూసివేస్తారు. అప్పుడు యాత్రికులు కనుమ ఎక్కి దిగవలసిందే.

మారుతున్న కోతల కాలం

ఎప్పుడు వెళ్లాలన్న ప్రశ్నకు సమాధానం మునుపటిలా లేదు. బోన్‌లో 1354 నుంచి 2018 వరకు కోతలు మొదలైన తేదీలను పరిశోధకులు సేకరించి 2019లో ప్రచురించారు. 1987 వరకు సగటున సెప్టెంబరు 28న మొదలైన కోతలు, 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకు జరిగినట్లు తేలింది. ఇటీవల కొన్ని ఏళ్లలో ఆగస్టులోనే కోతలు మొదలయ్యాయి. వెచ్చదనానికి మొగ్గలూ ముందే చిగురిస్తాయి. వాటిపై మంచు పడితే కాపు పోయినట్లే. 2021 ఏప్రిల్‌లో ఇదే జరిగింది. రైతులు రాత్రంతా వరుసల మధ్య దివ్వెలు వెలిగించి మొగ్గలను కాపాడుకొనేందుకు పాటుపడ్డారు. యాత్రికుడికి అందమైన దృశ్యంగా తోచే ఆ వెలుగులు రైతుకు ఏడాది కష్టంపై ఆశ.

మే, జూన్, సెప్టెంబరు నెలలు సైకిల్ యాత్రకు అనుకూలం. జూలై, ఆగస్టులలో ఎండ తీవ్రం, తోటల దారిలో నీడ తక్కువ. చలికాలంలో కత్తిరించిన తీగలను అక్కడికక్కడే కాల్చే నీలిపొగ వాలంతా అలముకుంటుంది.

యాత్రికులు పాటించవలసినవి

తోటల బాట ఇప్పటికీ రైతు పనిబాటే. ట్రాక్టరు ఎదురైతే సైకిల్ దిగి పక్కకు తప్పుకోవడం మర్యాద. మందు పిచికారీ జరుగుతున్న తోట పక్కన ఆగరాదు. పండ్లు తెంపరాదు. రాతిగోడలకు సైకిల్ ఆనించరాదు. వాన తరువాత ట్రాక్టరు చక్రాల బురద దారిపై జారుడుగా ఉంటుంది.

ఫ్రాన్సులో లీటరు రక్తానికి 0.5 గ్రాముల మద్యం పరిమితి సైకిల్ తొక్కేవారికీ వర్తిస్తుంది. వైన్ రుచి చూసి ఉమ్మివేయడం అక్కడ తప్పు కాదు, అందుకు ప్రత్యేక పాత్ర ఉంచుతారు. 12 ఏళ్లలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. 2015 నుంచి సైకిల్‌పై ఇయర్‌ఫోన్లు నిషిద్ధం.

సామాను మోసేందుకు వెనుక క్యారియర్, వాలు ఎక్కేందుకు తేలిక గేర్లు, కాస్త వెడల్పు టైర్లు గల టూరింగ్ సైకిల్ ఇక్కడికి సరిపోతుంది. ప్యారిస్ నుంచి డిజాన్‌కు హైస్పీడు రైలులో గంటన్నర పైచిలుకు ప్రయాణం. ఆ రైళ్లలో కొన్నింటిలోనే, అదీ ముందుగా రిజర్వు చేసుకుంటేనే, సైకిల్‌కు చోటు దొరుకుతుంది. డిజాన్ నుంచి బోన్‌కు ప్రాంతీయ రైళ్లు ఉన్నాయి. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం మూతపడతాయి గనుక తాగునీరు, రొట్టె ఉదయమే సమకూర్చుకొని బయలుదేరడం మంచిది.