నల్ల కవరులో వచ్చే సరుకు

మా ఇంట్లోనూ చుట్టాల ఇళ్ళలోనూ నెలసరికి వాడే మాటలన్నీ ఓసారి కాగితం మీద రాసి చూసుకున్నాను. బయట చేరడం, దూరంగా ఉండటం, ఇంట్లో లేకపోవడం, ముట్టు, మైల, అంటు, డేట్. పుస్తకాల వైపు వెళితే బహిష్టు, రజస్వల, పుష్పవతి. డిగ్రీలో తెలుగు చదివిన బుద్ధి ఎక్కడికి పోతుంది, మాట కనబడితే దాని పుట్టుక వెతకాలనిపిస్తుంది. బహిష్టు అన్నా బయట చేరడం అన్నా ఒకటే. మొదటిది సంస్కృతం నుంచి వచ్చింది, అంతే తేడా. ముట్టు సంగతి మరీ విచిత్రం. ముట్టుకోకూడని రోజులకి ముట్టు అని పేరు! ఇంట్లో వాడే ఈ మాటల్లో ఎక్కడా రక్తం లేదు, గుడ్డ లేదు, కడుపునొప్పి లేదు. ఆ మనిషి ఎక్కడ కూర్చోవాలన్నదే ఉంది.

ఎందుకు కూర్చోవాలంటే దానికో కథ. విశ్వరూపుణ్ణి చంపిన ఇంద్రుడికి బ్రహ్మహత్యా పాపం చుట్టుకుంటే, దాన్ని భూమికీ చెట్లకీ ఆడవాళ్ళకీ పంచాడనీ, మన వంతుకి వచ్చిందే ఈ నెలసరి అనీ తైత్తిరీయ సంహిత చెబుతుంది. భాగవతంలో నీళ్ళకి కూడా ఓ వాటా వేశారు. చెట్టుకి కారే జిగురు కూడా ఆ పాపమేనట. మరి జిగురు కారుతోందని వేపచెట్టుకి ఎవరూ మూడురోజులు ఎడంగా జరగరు కదా. అదే భారతంలో ద్రౌపది, తాను రజస్వలననీ ఒంటిబట్టతో ఉన్నాననీ, సభకి ఎలా రానని నోరు విప్పి చెబుతుంది. అంత పెద్ద గ్రంథం దాన్ని దాచలేదు. దాచడం తర్వాత మనం నేర్చుకున్న విద్య అనిపిస్తుంది నాకు.

మా అమ్మమ్మల కాలంలో వాడింది పాత చీరముక్కలే. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీర అయితే మరీ మంచిదనేవారు. గుడ్డలో తప్పేం లేదు, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే ఇప్పటికీ పనికొస్తుంది. కానీ ఎండలో ఆరేస్తే నలుగురి కళ్ళలో పడుతుంది. అందుకని పశువుల కొట్టంలోనో, తలుపు వెనకో, ఇంకో బట్ట కిందో ఆరేసేవారు. సగం తడితోనే మళ్ళీ వాడాల్సి వచ్చేది. దురదలూ పుళ్ళూ అక్కడే మొదలు. కలిగిన ఇళ్ళలో అయితే మైలబట్టలు చాకలి చేతికి వెళ్ళేవి. ముట్టుకుంటే మైల అని సొంత కూతుర్ని దూరంగా పెట్టిన ఇల్లే, ఆ బట్టల్ని మాత్రం ఇంకో ఆడమనిషి చేత ఉతికించుకుంది. ఆవిడకీ అవే రోజులు వస్తే ఆ బట్టలు ఎవరు ఉతికారో నేను చదివిన కథల్లో ఎవరూ అడగలేదు.

గుడ్డ మన ఒక్కళ్ళ కథే కాదులెండి. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఆడవాళ్ళు గుడ్డే మడతపెట్టి వాడారు. ఒక్కసారి వాడి పారేసే ప్యాడ్లని జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ 1890ల్లోనే 'లిస్టర్స్ టవల్స్' పేరుతో అమ్మజూసింది. వస్తువు ఉంది, అవసరమూ ఉంది. అయినా సాగలేదు. ప్రకటించాలంటే సిగ్గు, అంగట్లో అడగాలంటే సిగ్గు. తర్వాత మొదటి ప్రపంచయుద్ధంలో గాయాలకి కట్టడానికి చెట్ల గుజ్జుతో చేసిన సెల్యుకాటన్ అనే దూదిలాంటిది వచ్చింది. పత్తికన్నా బాగా తడి పీలుస్తుంది, ధరా తక్కువ. యుద్ధభూమిలో నర్సులు దాన్ని తమ నెలసరికి వాడుకోవడం మొదలుపెట్టారు. యుద్ధం అయిపోయాక ఆ సరుకు తయారుచేసిన కింబర్లీ క్లార్క్ కంపెనీ 1920లో దాన్నే 'కోటెక్స్' అని బజారుకి తెచ్చింది.

నాకు బాగా నచ్చిన ముక్క ఇక్కడుంది. కొట్లో మగ గుమాస్తాని అడగలేక ఆడవాళ్ళు వెనక్కి తిరిగిపోతుంటే, కౌంటర్ మీద ప్యాకెట్లు పెట్టి, పక్కన మన హుండీలాంటి పెట్టె ఒకటి ఉంచమన్నారు. డబ్బులు అందులో వెయ్యి, ప్యాకెట్ తీసుకో, వెళ్ళిపో. మాట అక్కర్లేదు. దానికి పోటీగా వచ్చిన 'మోడెస్' వాళ్ళు 1928లో ఇంకో ఉపాయం చేశారు. పత్రికలో ప్రకటనతో పాటే ఓ కూపన్ అచ్చువేశారు. దాన్ని కత్తిరించి గుమాస్తా చేతిలో పెడితే చాలు, నోరు మెదపకుండానే సరుకు చేతికొస్తుంది. అమ్మకాలు పెరిగాయి. సిగ్గు మాత్రం ఉన్నచోటే ఉంది, పైగా దానికో పద్ధతి కూడా ఏర్పడింది. కొత్త వస్తువుతో పాటు దాన్ని దాచే తీరూ ఊరూరా తిరిగింది.

మన దేశంలో 80ల చివర్లో వచ్చిన ప్యాకెట్ పేరు చూడండి, విస్పర్. గుసగుస అని అర్థం! టీవీలో ప్రకటన వస్తే అందులో రక్తం బదులు నీలం నీళ్ళు పోసేవారు. మెడికల్ షాపులో అడిగితే ముందు న్యూస్ పేపరు చుట్టి, పైన నల్ల కవరు తొడిగి, దారం కట్టి ఇచ్చేవారు. చీమలమందుకి కూడా ఇంత కట్టుదిట్టం ఉండదు. నల్ల కవరు చేతిలో ఉందంటే అందులో ఏముందో వీధి మొత్తానికీ తెలుసు, అదీ తమాషా.

కోయంబత్తూరు మురుగనాథం గారి కథ సినిమా వచ్చాక అందరికీ తెలిసిందే. భార్య పాతగుడ్డలు దాచుకుంటుంటే చూసి, ప్యాడ్లు కొనుక్కోవచ్చుగా అంటే, అవి కొంటే పాలకి డబ్బులుండవని ఆవిడ అంది. ఆయన దూదితో చేసి చూశాడు, కుదరలేదు. పెద్ద కంపెనీల ప్యాడ్‌లో ఉన్నది పత్తి కాదు, చెట్టు గుజ్జు అని తెలుసుకోవడానికే ఆయనకి ఏళ్ళు పట్టింది. ఎనభై ఏళ్ళ కిందట యుద్ధంలో నర్సులకి తెలిసిన సంగతి! అంతకన్నా కష్టమైంది, వాడి చూసి ఎలా ఉందో చెప్పే ఆడమనిషి దొరకడం. చివరికి మేకరక్తం నింపిన బ్లాడర్ నడుముకి కట్టుకుని తనే ప్యాడ్ వేసుకు తిరిగాడు. ఊరు వెలేసినంత పని చేసింది, భార్య పుట్టింటికి, తల్లి వేరే ఇంటికి వెళ్ళిపోయారు. తర్వాత ఆయన చేసిన చిన్న యంత్రాలు ఎన్నో రాష్ట్రాల మహిళా సంఘాలకి చేరాయి, 2016లో పద్మశ్రీ వచ్చింది. నన్నడిగితే ఆయన గెలిచింది యంత్రం మీద కన్నా మౌనం మీదే ఎక్కువ.

ఇక ధర. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు కుంకుమకీ బొట్టుబిళ్ళలకీ గాజులకీ పన్ను లేదు, ప్యాడ్లకి మాత్రం 12 శాతం. అలంకారానికి మాఫీ, అవసరానికి వడ్డింపు. ఏడాదంతా ఆడవాళ్ళు గొడవ చేస్తే 2018 జులైలో ఎత్తేశారు. ధర 12 శాతం తగ్గుతుందనుకుంటే పొరపాటే. పన్ను లేని సరుకు చేసేవాళ్ళకి, ముడిసరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు, దాన్ని ధరలోనే కలుపుకుంటారు. సంచీ పట్టుకుని బజారుకెళ్ళేవాళ్ళకి పేపర్లో వార్త వేరు, ప్యాకెట్ మీద అంకె వేరు.

పేదింటి పిల్లలకి చేరినవి వేరే దారుల్లో చేరాయి. 2011లో కేంద్రం ఆరు ప్యాడ్ల ప్యాకెట్ ఆరు రూపాయలకి ఆశా కార్యకర్తల చేత పల్లెల్లో ఇప్పించడం మొదలుపెట్టింది. 2019 నుంచి జన ఔషధి దుకాణాల్లో ఒక్కోటి రూపాయే. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 'స్వేచ్ఛ' అని, ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా చదివే ఆడపిల్లలకి నెలకి పది చొప్పున ఉచితంగా ఇవ్వడం మొదలైంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, 15 నుంచి 24 ఏళ్ళ ఆడపిల్లల్లో శుభ్రమైన పద్ధతులు వాడేవాళ్ళు 2015-16లో నూటికి 58 మంది దాకా ఉంటే, 2019-21కి 77 మంది అయ్యారు. తక్కువ మార్పు కాదు ఇది.

అయితే స్కాట్లాండ్ వాళ్ళు 2020లో చేసిన చట్టంలో నాకో మాట తట్టింది. బడుల్లో, కాలేజీల్లో, ఊరి పాలకసంస్థల దగ్గర ఉచితంగా ఇవ్వడం ఒక్కటే కాదు, తేలిగ్గా దొరకాలి, తీసుకునేవాళ్ళ మర్యాద నిలబడాలి అని అందులోనే రాసుకున్నారు. మరి మన బళ్ళో, ఆ రోజు హఠాత్తుగా వచ్చిన పిల్ల లేచి ఎవర్ని అడగాలి? లెక్కల మాస్టారి పీరియడ్‌లో అయితే ఏమని చెప్పి బయటికెళ్ళాలి? బాత్రూములో నీళ్ళున్నాయా, వాడింది పారేయడానికి మూతున్న డబ్బా ఉందా?

మా వీధిలో ఈమధ్య ఓ అమ్మాయి పెద్దమనిషయింది. పెద్ద ఫ్లెక్సీ కట్టారు, పిల్ల ఫొటో, మేనమామల ఫొటోలూ, పక్కన ఎమ్మెల్యే గారూ. నువ్వుల చిమ్మిలి పంచారు, మైకు పెట్టి పాటలేశారు. మూడోనెలలో కిరాణాకొట్లో నా పక్కనే నిలబడింది ఆ పిల్ల, చేతిలో వాళ్ళమ్మ రాసిచ్చిన చీటీ. కందిపప్పు కిలో, చింతపండు పావుకిలో, ఆవాలు వంద అని అన్నీ పేరుపేరునా ఉన్నాయి. ఆఖరి వరుసలో 'ఆ ప్యాకెట్ 1' అని ఉంది. కొట్టతను చదివి, తలెత్తకుండానే నల్ల కవరు కోసం చెయ్యి చాచాడు.