మేడమీద స్నానాల గది: కట్టేముందు తేల్చుకోవలసిన విషయాలు

బళ్లారి జిల్లా తెక్కలకోటలోనూ, సిరుగుప్ప తాలూకా గ్రామాల్లోనూ, సరిహద్దుకు ఆవల ఆదోని, ఆలూరు ప్రాంతాల్లోనూ మేడమీద సగంలో నిలిచిన గదులు తరచు కనిపిస్తాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంలో చేరేవరకు ఆదోని, ఆలూరు కూడా బళ్లారి జిల్లాలోనివే కనుక ఇరువైపులా ఇళ్ల తీరులో పోలిక ఎక్కువ. క్రింది ఇల్లు పూర్తయ్యాక, పంట డబ్బు చేతికి వచ్చినప్పుడు పైభాగం కట్టవచ్చునని స్తంభాల ఊచలను పైకి వదలి ఉంచుతారు. నాలుగు గోడలు లేపి, రేకులు కప్పి, ధాన్యపు బస్తాలకో పాత సామానుకో ఆ గదిని వాడుకుంటారు. కుమారుని వివాహం నిశ్చయమైనప్పుడు ఆ గది కాపురానికి సిద్ధం కావలసి వస్తుంది. అప్పుడు మొదట తలెత్తే అవసరం స్నానాల గది, మరుగుదొడ్డి.

పలకల రంగు, కుళాయిల నమూనా చివర తేల్చుకోదగిన విషయాలు. ముందుగా తేలవలసిన ప్రశ్నలు రెండు. క్రింది కట్టడం ఆ బరువును మోయగలదా? వాడిన నీరు ఏ దారిన నేలకు దిగుతుంది? ఈ రెండింటికీ సమాధానం దొరకకుండా ఇటుక పేర్చితే, పైగదిలోని సౌకర్యం క్రింద నిద్రించేవారికి ప్రమాదంగా మారుతుంది.

మట్టిమిద్దెపై కట్టరాదు

దూలాలు, దంతెలు వేసి, వాటిపై కట్టెలో బండలో పరచి చౌడుమట్టి కప్పిన పాత మిద్దెలు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. అర అడుగు మందం మట్టి చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. తడిస్తే మరింత బరువెక్కుతుంది. 2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కురిసిన భారీ వర్షాలకు, ఆ వెంట వచ్చిన వరదలకు ఉత్తర కర్ణాటకలోనూ కర్నూలు జిల్లాలోనూ పెద్ద సంఖ్యలో మట్టి ఇళ్లు కూలిపోయాయి. ఏడాదికి కొన్నాళ్ల వాననే కష్టంగా ఓర్చుకొనే మిద్దెపై ప్రతిదినం నీరు పారే గదిని నిలపడం తగదు. అటువంటి ఇంట స్నానాల గదిని పెరట్లో, విడి పునాదిపై కట్టుకోవడమే క్షేమం.

బరువు లెక్క

సిమెంటు స్లాబు ఉన్నంత మాత్రాన నిశ్చింత కలగదు. భారతీయ ప్రమాణం 875, రెండవ భాగం (1987) ప్రకారం, మనుషులు ఎక్కే పైకప్పును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల వాడుక బరువుకు లెక్కిస్తారు; స్నానాల గది నేలకు సుమారు 200 కిలోలు. గోడలు, నేల నింపుడు దీనికి అదనం. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఏడడుగుల ఎత్తున, పూతతో కలిపి, అడుగు పొడవుకు సుమారు 170 కిలోలు ఉంటుంది. పన్నెండడుగుల గోడ అంటే రెండు వేల కిలోలు. గొట్టాలు దాచడానికి నేలను అర అడుగు లేపి ఇటుక ముక్కలతో నింపితే, ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు గల గదిలో మరో 800 కిలోలు చేరతాయి. ఐదు వందల లీటర్ల తొట్టిలో నీరే 500 కిలోలు.

కనుక కొత్త గోడలు వీలైనంతవరకు క్రింది గోడలపైనో దూలాలపైనో రావాలి. స్లాబు నడిమధ్యలో గోడ లేపరాదు. నింపుడుకు తేలికపాటి ఇటుకలు వాడవచ్చు. స్తంభాల ఊచలు ఏళ్ల తరబడి వానకు తడిసి తుప్పు పట్టి ఉంటే, స్లాబు అడుగున పెచ్చులూడి ఉంటే, పని మొదలు పెట్టకముందే ఇంజనీరుకు చూపించాలి. ఆ సలహాకయ్యే ఖర్చు తరువాత చేయించే మరమ్మతు ముందు స్వల్పం.

కొలతలు

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం విడి స్నానాల గదికి కనీసం 1.8 చదరపు మీటర్లు, మరుగుదొడ్డితో కలిసినదానికి 2.8 చదరపు మీటర్లు ఉండాలి. రెండింటికీ కనీస వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు 2.1 మీటర్లు. ఐదు, ఏడు అడుగుల గది ఈ కొలతకు సరిపోతుంది. రేకుల కప్పు ఒకవైపు వాలి ఉంటుంది కనుక, మనిషి నిలబడి స్నానం చేసే చోటును ఎత్తయిన వైపు, నీటి గొట్టాలను పల్లపు వైపు ఉంచాలి. క్రింది ఇంట్లో స్నానాల గది ఉంటే సరిగా దానిపైనే కొత్తది రావడం మేలు. గొట్టాల దారి చిన్నదవుతుంది. పొరపాటున నీరు కారినా వంటింటిపైనో పడకపైనో పడదు.

వాటం, గొట్టాలు

నేల వాటం ఆరడుగులకు సుమారు అంగుళం ఉండాలి. స్నానాల గది నేల పక్కగది నేలకన్నా అంగుళమైనా పల్లంగా ఉండాలి. మరుగుదొడ్డి గొట్టం నాలుగంగుళాలది (110 మిల్లీమీటర్లు), స్నానపు నీటి గొట్టం మూడంగుళాలది (75 మిల్లీమీటర్లు) వాడతారు. మరుగు గొట్టానికి పదడుగులకు మూడంగుళాల వాలు సరిపోతుంది. జాలీ క్రింది ట్రాప్‌లో రెండంగుళాల నీరు ఎల్లప్పుడూ నిలిచి ఉంటేనే దుర్వాసన పైకి రాదు. గాలి గొట్టం కప్పుకన్నా ఎత్తుగా లేచి, దోమలు చొరబడకుండా వలతో కట్టి ఉండాలి. స్లాబుకు రంధ్రం వేసేటప్పుడు ఊచలను తెగగొట్టరాదు. దూలానికి రంధ్రం వేయనే రాదు.

పలకలకు ముందు నీటి పరీక్ష

పలకలు నీటిని ఆపుతాయని అనుకోవడం సాధారణమైన పొరపాటు. వాటి సందుల గుండా నీరు దిగుతుంది. నీటిని ఆపేది పలకల క్రింది పూత. దానిని నేలంతటా, గోడలకు అడుగు ఎత్తు వరకు, స్నానం చేసే వైపు ఆరడుగుల వరకు పూయించాలి. పూత ఆరాక జాలీ మూసి, రెండంగుళాల నీరు నిలిపి, రెండు రోజులు చూడాలి. బళ్లారి ఎండకు కొంత నీరు ఆవిరి కాక తప్పదు. కనుక ఒక వెడల్పాటి పళ్లెంలో అంతే లోతు నీరు పోసి పక్కన ఉంచాలి. నేలమీది నీరు పళ్లెంలోని నీటికన్నా ఎక్కువ తగ్గితే, లేదా క్రింది కప్పున చెమ్మ కనిపిస్తే, పూతలో లోపం ఉన్నట్టే. మేస్త్రీ తొందరపడినా ఈ రెండు రోజులు విడువరాదు.

మురుగు ఎక్కడికి?

తెక్కలకోట గ్రానైట్ గుట్టల ఊరు. 1963–64లో ఎం.ఎస్. నాగరాజరావు తవ్వకాలు జరిపి నూతన శిలాయుగపు నివాసాలను వెలికి తీసినది ఈ గుట్టలపైనే. గుట్ట అంచున రాయి గొయ్యి తవ్వనివ్వదు. కాలువ క్రింది నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు. అందుచేత గుంతల స్థలాన్ని గది కట్టకముందే చూసుకోవాలి. బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సులభ్ సంస్థ ద్వారా ప్రచారమైన రెండు గుంతల పద్ధతిలో, ఒకటి నిండాక రెండవదానికి మళ్లించి, మొదటిదానిని కనీసం రెండేళ్లు మూసి ఉంచితే అది ఎరువవుతుంది. స్నానపు నీటిని ఆ గుంతల్లోకి వదలరాదు. త్రాగునీటి బావికి పది మీటర్ల దూరం పాటించడం మంచిది. సెప్టిక్ ట్యాంకు ఉన్నవారు దానిని యంత్రంతోనే శుభ్రపరచాలి; రక్షణ సాధనాలు లేకుండా మనిషిని అందులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

నీటి ఒత్తిడి, విద్యుత్తు, గాలి

తొట్టి గది కప్పుపైనే ఉంటే షవరుకు ఒత్తిడి చాలదు. ఐదారడుగుల ఎత్తు దిమ్మె ఉంటే కొంత మెరుగు. ఆ దిమ్మె స్తంభాలపై నిలవాలి, రేకులపై కాదు. విద్యుత్ గీజరుకు ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ రక్షణ స్విచ్చి తప్పనిసరి. గ్యాస్ గీజరును గది లోపల బిగించరాదు. మూసిన గదిలో అది విడిచే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. స్నానం చేస్తున్నవారు స్పృహ తప్పి ప్రాణాలు కోల్పోయే ప్రమాదం ఉంది.

ఎవరి కోసం?

పైగదికి స్నానాల గది అమరిందని క్రిందిదానిని నిర్లక్ష్యం చేయరాదు. మోకాళ్ల నొప్పులున్న అవ్వతాతలు, నెలలు నిండిన కోడలు రాత్రివేళ మెట్లెక్కలేరు, దిగలేరు. డబ్బు ఒక్కదానికే సరిపోయేటట్లయితే ముందుగా నేలమీదిది బాగుచేసుకోవడం వివేకం. పైన కట్టేటప్పుడు మెట్లకు పట్టుగోడ, దీపం కూడా ఆ పనిలో భాగమే. పట్టణ పంచాయతీ అనుమతి తీసుకొని, గొట్టాలు పోయిన దారిని ఒక కాగితంపై గీసి ఇంటి పత్రాలతో భద్రపరిస్తే, ఇరవై ఏళ్ల తరువాత మరమ్మతు చేయించే పిల్లలు గోడ పగులగొట్టి వెదకవలసిన పని ఉండదు.