మన గోడ మీద మన బొమ్మ

కనిగిరిలో మా చిన్నప్పుడు సినిమాని ‘బొమ్మ’ అనేవాళ్లం. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. బొమ్మ మాత్రం రెండుచోట్లా బొమ్మే. ఆ బొమ్మల్లో మనవాడు ఎప్పుడో ఒకసారి కనబడేవాడు. కళ్లకు సుర్మా, మెడలో తావీజు, నోట్లో ‘అరే భాయ్’. హీరో కోసం ప్రాణమిచ్చే నేస్తమో, కత్తి దూసే రౌడీయో. కూలి చాలనివాడిగా, అద్దె కట్టలేనివాడిగా, మొగుడి దెబ్బలు తినే ఆడమనిషిగా మనం తెరమీద కనబడలేదు. అలాంటి బొమ్మలు లేకపోలేదు. మనదాకా రాలేదు. ఎందుకు రాలేదన్నదే నా గోడు.

1980లో దీపా ధన్‌రాజ్, నవ్‌రోజ్ కాంట్రాక్టర్, ఆభా భయ్యా, మీరా రావు కలిసి ‘యుగాంతర్’ అనే బృందం పెట్టారు. మూడేళ్లలో నాలుగు చిన్న సినిమాలు తీశారు. ఒకటి పుణె పనిమనుషుల గురించి, ఒకటి నిపాణి పొగాకు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల గురించి, మరొకటి చిప్కో గురించి. నాలుగోది మన తెలుగే. ‘ఇది కథ మాత్రమేనా’, 1983. హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన వాళ్లతో కలిసి తీశారు. ఇంట్లో మొగుడి హింస గురించిన సినిమా. అందులో నటించిందీ ఆ సంఘం ఆడవాళ్లే. ఇవేవీ హాళ్ల కోసం తీసినవి కావు. 16 ఎం.ఎం. ప్రొజెక్టరు మోసుకుపోయి బస్తీల్లో, పల్లెల్లో వేసి, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోవడానికి తీసినవి. అసలు సినిమా దీపం ఆర్పాక మొదలయ్యేది అంటాను నేను.

నిపాణి సంగతి తెలిసినప్పుడు నాకు మా ఖాలా గుర్తొచ్చింది. కనిగిరి పొగాకు నేల. ఆకు అల్లి, ఎండిన ఆకు గ్రేడు చేసి, దగ్గుతూ ఇల్లు చేరే ఆడవాళ్లలో బీబీలూ ఉన్నారు, దూదేకుల ఆడవాళ్లూ ఉన్నారు, మాల మాదిగ పల్లెల వాళ్లూ ఉన్నారు. పొగాకు ఘాటుకి మతం తెలియదు. మరాఠీ మాట్లాడే ఆ నిపాణి ఆడవాళ్లు యూనియన్ కట్టడం మా ఖాలా చూసి ఉంటే ఏమనేదో!

ఇక మనం మరీ మర్చిపోకూడని సినిమా ‘క్యా హువా ఇస్ షహర్ కో’. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేశాడు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు. మధ్యలో నెల రోజుల కుర్చీలాట తెలుగువాళ్లందరికీ గుర్తే. ఆ నెలలోనే పాతబస్తీలో గణేశ్ ఊరేగింపు, కత్తిపోట్లు, కర్ఫ్యూ. అది ఎంతమందికి గుర్తు? దీపా ధన్‌రాజ్, హైదరాబాద్ ఏక్తా వాళ్లతో కలిసి ఈ సంగతి మీద 95 నిమిషాల సినిమా తీసి 1986లో బయటికి తెచ్చింది. నష్టపోయినవాళ్లు తమ నోటితో తమ మాట చెబుతారు. కెమెరా వాళ్ల ముందు కూర్చుని వింటుంది. హిందూ మతరాజకీయాన్నీ, మజ్లిస్ రాజకీయాన్నీ రెండింటినీ నిలబెట్టి అడుగుతుంది. అందుకే ఏ పక్షమూ దాన్ని నెత్తిన పెట్టుకోలేదేమో. చివరికి 2013లో బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ ఆ రీళ్లను బాగుచేసింది. పాతబస్తీ గోడు దాచుకోవడానికి బెర్లిన్ దాకా పోవాల్సి వచ్చింది.

‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. ఆనంద్ పట్వర్ధన్ ‘రామ్ కే నామ్’ 1992లో వచ్చింది, మసీదు కూలకముందే. అయోధ్యలో కోర్టు నియమించిన పూజారి లాల్‌దాస్ అందులో ఈ రథాలు ఓట్ల కోసమని సూటిగా చెబుతాడు. 1993 నవంబరులో ఆయన్ని చంపేశారు. ఆ సినిమాకి సెన్సారు సర్టిఫికెట్ ఉంది, జాతీయ బహుమతి ఉంది. అయినా 2019 ఆగస్టులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పోలీసులు వచ్చి ఆపేశారు. 2024 జనవరి 20న సైనిక్‌పురిలో ఓ చిన్న కెఫేలో వేస్తే సగంలో ఆగింది, వేసినవాళ్లు అరెస్టయ్యారు. సర్కారు బహుమతిచ్చిన బొమ్మ చూడడం నేరమైంది.

ఇంకొకటి. 2013 ముజఫర్‌నగర్ అల్లర్ల మీద నకుల్ సింగ్ సాహ్నీ తీసిన ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ని 2015 ఆగస్టులో ఢిల్లీలో ఓ కాలేజీలో అడ్డుకున్నారు. హైదరాబాద్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ దానికి నిరసన తెలిపింది. ఆ గొడవే ముదిరి ఐదుగురు దళిత విద్యార్థుల మీద సస్పెన్షన్ దాకా పోయింది. వాళ్లలో ఒకడు గుంటూరువాడు, రోహిత్ వేముల. 2016 జనవరి 17న అతను చనిపోయాడు. మన మీద తీసిన సినిమా కోసం దళిత పిల్లలు నిలబడ్డారు. మరి వాళ్ల కోసం మనం ఏ గోడ మీద తెర కట్టాం? ఆయన మీద దీపా ధన్‌రాజే 2018లో ‘వుయ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై’ తీసింది.

ఇంతదాకా మనవాళ్లు తలూపుతారు. ఇక్కణ్నుంచి చూడండి. అదే దీపా ధన్‌రాజ్ 2011లో ‘ఇన్వోకింగ్ జస్టిస్’ తీసింది. తమిళనాడులో మగవాళ్ల జమాత్‌లు ఆడవాళ్లను లోపలికి రానివ్వకుండా వాళ్ల తలాక్‌లు తేలుస్తుంటే, అక్కడి ముస్లిం ఆడవాళ్లు 2004లో తమ జమాత్ తామే పెట్టుకున్నారు. ఆ కథ. కనిగిరిలో రెండు సినిమాలు వేద్దామని ఓ పెద్దమనిషిని అడిగాను. ‘రామ్ కే నామ్’ అనగానే, “వేద్దాం బేటా, కుర్చీలు నేను పంపిస్తా” అన్నాడు. రెండోది చెప్పాక కాసేపు మాట్లాడలేదు. “ఘర్ కీ బాత్ ఘర్ మే” అన్నాడు. పోలీసులు అక్కర్లేదు. మన తలుపు మనమే వేసుకోగలం.

కుర్చీలు రాలేదు. మా ఖాలా ఇంట్లో టీవీ పెట్టాను. పదిమంది దాకా ఆడవాళ్లు వచ్చారు. సినిమా తమిళం. కింద పడే ఇంగ్లీషు చదివి నేను ఉర్దూలో ఒక ముక్క, తెలుగులో ఒక ముక్క చెబుతూ పోయాను. అయిపోయాక ఎవరూ లేవలేదు. ఖాలా అడిగింది:

“ఆ జమాత్‌లో ఆడవాళ్లు కుర్చీల్లో కూచున్నారా, చాప మీదా? నేను సరిగ్గా చూళ్లేదు. మళ్లీ వెయ్.”

వెనక్కి తిప్పి మళ్లీ వేశాను.