గోల్‌బజార్ ఇడ్లీ ప్లేటూ, 1896 నాటి గాజూ

పాతబడి మచ్చ పట్టిన లెన్సు ఒక్కోసారి తళతళలాడే కొత్త లెన్సు కన్నా ఎక్కువ వెలుతురును లోపలికి పంపుతుంది. ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో, టి. కుక్ అండ్ సన్స్ కంపెనీలో లెన్సులు రూపొందించే హెరాల్డ్ డెన్నిస్ టేలర్ 1890లలో ఈ సంగతి గమనించాడు. పైపొర రంగు మారిన గాజు పాడైపోయినట్టేనని అప్పటి లోకం నమ్మకం. అది పాడు కాదు, మేలు అని టేలర్ తేల్చాడు. ఆ మచ్చను కావాలని పుట్టించడానికి ఆమ్లాలతో ప్రయత్నించి, 1904లో పేటెంటు కూడా తీసుకున్నాడు. కానీ ఒక్కో రకం గాజు ఒక్కో తీరున మారడంతో ఆ పద్ధతి నిలకడగా పనిచేయలేదు.

నేను టేలర్ దాకా వెళ్లడానికి కారణం ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో టిఫిన్ హోటల్ నడిపే ఒక మిత్రుడు. ఆర్డర్లు తీసుకునే యాప్‌లో పెట్టడానికి ఇడ్లీ, దోశ, మినపరొట్టెల ఫోటోలు బాగా రావాలట. చేతిలో పాత డీఎస్ఎల్ఆర్ ఉంది. ‘తక్కువలో అయ్యేది ఏ లెన్సో చెప్పు బావా’ అన్నాడు. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 అని చెప్పి ఊరుకోవచ్చు. జూమ్ లేని ప్రైమ్ లెన్సుల్లో అన్నిటికన్నా చౌక వరసలోది అదే. కానీ అంత చౌక వస్తువుకు ఎంత పెద్ద వంశం ఉందో చూసేసరికి నాకు నిద్ర పట్టలేదు.

ఆ వంశానికి మూలపురుషుడు గణితవేత్త గౌస్. 1817లో ఆయన టెలిస్కోపు కోసం రెండు వంపు గాజుల కూర్పు ఒకటి ప్రతిపాదించాడు. 1888లో అమెరికాలో ఆల్వన్ గ్రాహమ్ క్లార్క్ అలాంటి కూర్పులు రెండింటిని వీపులు ఆనించినట్టు నిలబెట్టాడు. 1896లో జర్మనీలోని జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ లోపలి గాజులను మందం చేసి, ఆరు గాజుల ‘ప్లానార్’ తయారుచేశాడు. అదే సంవత్సరాల్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా మలుస్తోంది. 1900లో హౌరా నుంచి లైను కలిసింది. సిక్కోలు, విజయనగరం, విశాఖ వైపుల నుంచి రైల్వే పనికి మనవాళ్లు వచ్చారు, అక్కడి నీంపురా, మథురాకాటీ పేటల్లో స్థిరపడ్డారు. గోల్‌బజార్‌లో ఈనాటికీ తెలుగు వినబడటానికి ఆ వలసే కారణం.

ప్లానార్ గొప్ప లెన్సు. అంచుల దాకా స్పష్టత, గీతలు వంగకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. అయినా జనం దాన్ని పక్కన పెట్టేశారు. గాలి, గాజు కలిసే ప్రతి ముఖం దగ్గరా వెలుతురులో సుమారు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. ప్లానార్‌కు అలాంటి ముఖాలు ఎనిమిది. పోయిన వెలుతురు పోయినా ఫరవాలేదు, అది గాజుల మధ్య అటూ ఇటూ కొట్టుకుని చివరికి ఫోటో మీద పలచటి మజ్జిగ పోసినట్టు పరుచుకునేది. నలుపు నలుపుగా ఉండేది కాదు. 1902లో రుడాల్ఫే నాలుగు గాజుల ‘టెసార్’ తెచ్చాడు. దాని ముఖాలు ఆరే కాబట్టి అందరూ అటు వెళ్లారు. తన మంచి బిడ్డను తానే మూల కూర్చోబెట్టిన ఆ మనిషిని తలుచుకుంటే నాకు బాధేస్తుంది. మందు యార్క్‌లో టేలర్ బల్ల మీద ఉండనే ఉంది. దాన్ని అందరికీ పనికొచ్చేలా చేసే ఉపాయం మాత్రం ఇంకా దొరకలేదు.

1920లో లెస్టర్ నగరంలో లెన్సుల రూపకర్త హొరేస్ లీ ప్లానార్ కూర్పులోని రెండు వైపులనూ సరిసమానంగా ఉంచనక్కర్లేదని చూపించి, దాన్ని మరింత వెలుతురు పట్టే ఎఫ్ 2 దాకా తెచ్చాడు. ఆ మార్గంలో వచ్చిన కుక్ స్పీడ్ పాంక్రో లెన్సులు తర్వాత హాలీవుడ్‌లో విరివిగా వాడారు. అసలు చిక్కు విప్పినవాడు జైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మకుల, ఉక్రెయిన్ బిడ్డ. టేలర్ మచ్చ కాలం చేసిన పని. స్మకుల 1935లో శూన్యంలో ఒక పదార్థాన్ని ఆవిరి చేసి, గాజు మీద వెలుగు తరంగంలో నాలుగో వంతు మందాన పూత వేయించాడు. పూత పైముఖం నుంచీ కింది ముఖం నుంచీ తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. జర్మన్లు దీన్ని సైనిక రహస్యంగా దాచారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అది అందరి సొత్తయింది. రుడాల్ఫ్ కూర్పుకు దాదాపు యాభై ఏళ్లకు న్యాయం జరిగింది. మన 50 ఎఫ్ 1.8 ఆ సంతతిదే. ఇవాళ ఏ లెన్సునైనా వెలుతురుకు వంచి చూడండి. ఊదా, ఆకుపచ్చ మెరుపు కనిపిస్తుంది. అదే ఈ పూత.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. సినిమా ఫిల్ము ఫ్రేమును రెట్టింపు చేసి ఓస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో 50 మిల్లీమీటర్ల లెన్సుతో బజారుకు వచ్చింది. అక్కణ్నుంచి 50 అలవాటైపోయింది. ఎస్ఎల్ఆర్ కెమెరా కొంటే దానితోపాటు అదే చేతికి వచ్చేది. 1959లో ఎస్ఎల్ఆర్‌లకు మొదటి జూమ్, ఫోక్ట్‌లాండర్ జూమార్ వచ్చింది. కాలక్రమాన కెమెరాతోపాటే అమ్మే కిట్ జూమ్ 50ని పెట్టెలోంచి బయటికి నెట్టేసింది. ఇది నష్టమే. నిలబడిన చోటినుంచే జూమ్ తిప్పేవాడికి రెండడుగులు ముందుకు వేసి చూసే ఓపిక పోయింది. ఏ దూరంలో నిలబడితే ఎంత మేర పడుతుందో ఒంటికి తెలిసిపోయిన తరం అంతరిస్తోంది.

తిండి ఫోటోలు ఈ కాలపు పిచ్చి అనేవాళ్లకు ఒక మాట. ఫోటోగ్రఫీ ఆద్యుడు నీయెప్స్ 1833లో చనిపోయాడు. ఆయన తీసినదిగా చెప్పే చిత్రాల్లో ఒకటి భోజనానికి సిద్ధం చేసిన బల్ల: గిన్నె, సీసా, రొట్టె, పరిచిన గుడ్డ. ఆ గాజు పలక 20వ శతాబ్దం మొదట్లో పగిలిపోయింది. ముందుగా అచ్చయిన ప్రతి ఒక్కటే మిగిలింది.

మిత్రుడికి నేను చెప్పింది మీకూ చెబుతాను. అందరి చేతుల్లో ఉండే క్రాప్ సెన్సర్ (ఫిల్ము ఫ్రేము కన్నా చిన్న సెన్సర్) కెమెరా మీద 50 లెన్సు 75, 80 మిల్లీమీటర్ల చూపు ఇస్తుంది. ఒక ప్లేటు ఇడ్లీకి అది చక్కగా సరిపోతుంది. కానీ అరిటాకు భోజనం మొత్తం పైనుంచి తీయాలంటే ఆకుకు మీటరున్నర ఎత్తున కెమెరా ఉండాలి. ఇరుకు హోటళ్లలో అందుకే 35 ఎఫ్ 1.8 మేలు. ఎఫ్ 1.8 ఉంది కదా అని అందులోనే తీయకండి. 50తో అరమీటరు నుంచి తీస్తే స్పష్టంగా పడే మందం 7 మిల్లీమీటర్లే, ఇడ్లీ అంచు ఒక్కటే పడుతుంది. ఎఫ్ 5.6కు తెస్తే రెండు సెంటీమీటర్లు వస్తుంది. ట్యూబ్‌లైటు ఆర్పి గుమ్మం పక్క వెలుతురులో ప్లేటు పెట్టండి.

పాతది కొనేటప్పుడు టార్చి వేసి లోపల చూడండి. బెంగాల్ తేమకు గాజు మీద సాలెగూడు లాంటి బూజు పడుతుంది. అది టేలర్ మచ్చ కాదు, పూతను తినేస్తుంది. కానన్‌లో ఎస్‌టీఎం 50 అయితే 35 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లొచ్చు. దానికి ముందుది 45 దగ్గరే ఆగిపోతుంది. నికాన్‌లో పాత ‘డి’ రకం 50 చౌకగా దొరుకుతుంది గానీ, డీ3000, డీ5000 వరసల కెమెరాల్లో ఫోకస్ మోటారు లేదు, వాటి మీద ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. మీ కెమెరా ఏదో చూసుకున్నాకే డబ్బులు ఇవ్వండి.