ఊరి నమూనా - వాడ మనసు

మన ఊళ్ల నమూనా గీసిందెవరో పేరు తెలీదు. కాని ఆ గీత ఎంత గట్టిదో మన కాళ్లకు తెలుసు. నడి ఊళ్లో గుడి, బొడ్రాయి, రచ్చబండ. ఊరు దాటాక ఎక్కడో పల్లంలో మాలపల్లె, మాదిగగూడెం. చరిత్రకారులు భూమి గురించి, కూలి గురించి రాశారు, రాయాల్సిందే. అయితే మనిషి లోపల భయమూ సిగ్గూ ఎట్లా కట్టబడ్డాయో (గోడ కట్టినట్టే కట్టారు) ఆ సంగతి మీద పెద్దగా రాయలేదు. దళితులకు ఆత్మన్యూనత ఎక్కువని తీరిగ్గా చెప్పే పెద్దమనుషులు అది పుట్టిన చోటు వైపు చూడరు.

ఊరి బజారునే తీసుకుందాం. అక్కడ వాడ మనిషి చెప్పులు చేతబట్టుకోవాలి, తలగుడ్డ తీసెయ్యాలి, సైకిలుంటే దిగి నడిపించుకుపోవాలి. తన వాడ మొదట్లోకి రాగానే మళ్లీ చెప్పులేసుకుంటాడు. మనిషి అతనే, కాళ్లూ అవే. బజారు మారేసరికి వెన్ను మారిపోతుంది. బావి దగ్గర ఇంకా ఘోరం. గట్టు ఎక్కకూడదు, కడవ కింద పెట్టుకుని ఎవరో దయతలచి పోసేదాకా నిలబడాలి. హోటల్లో గ్లాసు వేరు, తాగినవాడే కడిగి పెట్టాలి. ఈ వంగటం, నిలబడటం, కడగటం అంతా పిల్లల కళ్లముందే జరుగుతుంది. ఇక పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు.

1941లో వచ్చిన 'గబ్బిలం' కావ్యంలో జాషువా నాయకుడు తన బాధ శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడి లోపల వేలాడే హక్కు గబ్బిలానికుంది, మనిషికి లేదు. దీన్ని కవి చమత్కారమని చాలామంది మెచ్చుకుంటారు. మా దృష్టిలో అది ఒక కట్టడం మీద ఇచ్చిన వాంగ్మూలం.

కాబట్టే మన పోరాటాలు చాలావరకు ఒక చోటు కోసం మొదలయ్యాయి. మహద్‌లో చౌదార్ చెరువును అందరికీ తెరిచామని మునిసిపాలిటీ కాగితం మీద రాసుకుంది. అంబేడ్కర్ జనంతో వెళ్లి 1927 మార్చి 20న నీళ్లు ముట్టుకునేదాకా ఆ మెట్లు తెరుచుకోలేదు. కారంచేడులోనూ గొడవ మంచినీళ్ల చెరువు దగ్గరే. మాదిగలు తాగే నీళ్లలోకి గేదెల కుడితి మురికి పోవటాన్ని ప్రశ్నించినందుకు మర్నాడు, 1985 జూలై 17న, వాడ మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల పోయి చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. తిరిగి ఊరికి పొమ్మంటే పోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టించుకున్నారు. ఆ 'పోము' అన్నమాటను భయం కింద లెక్కగట్టినవాళ్లున్నారు. భయపడ్డవాడు పాత చోటికే పోయి చేతులు కట్టుకుంటాడు. వీళ్లు ఆ నమూనానే కాదన్నారు.

ప్రభుత్వాలూ ఇళ్లు కట్టించాయి, కాదనం. తాటాకు పోయి సిమెంటు వచ్చింది. కాని చాలాచోట్ల ఆ కాలనీలు పాత వాడను ఆనుకునే, ఊరికి అవతలే లేచాయి. ఇంజనీరు కూడా బొడ్రాయినుంచే కొలతలు తీసుకున్నాడేమో!

సినిమా హాలు సంగతి వేరు. టికెట్టు కొన్నవాడిదే కుర్చీ. ఊళ్లో పక్కపక్కన కూచోలేనివాళ్లు చీకట్లో కూచుంటారు. చుండూరులో 1991 జూలైలో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు హాల్లో ముందు కూర్చున్న అగ్రకులస్థుడికి తగిలిందనే కదా రగడ మొదలైంది? కాలు తగలటం కాదు, సర్దుకోవాల్సిన చోట సర్దుకోకపోవటమే వాళ్లకు నచ్చలేదు. ముందు సాంఘిక బహిష్కరణ, తర్వాత ఆగస్టు 6న ఎనిమిది హత్యలు.

చుండూరు జనం అప్పుడొక పని చేశారు. శవాలను పొలిమేర అవతలికి మోసుకుపోలేదు. ఊళ్లోనే పాతిపెట్టి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. చచ్చాక కూడా దూరంగానే పొమ్మనే ఊళ్లో అది చిన్న మార్పు కాదు. కోర్టు కూడా తమ ఊరికే రావాలని పట్టుబట్టారు. విచారణ చుండూరులోనే జరిగింది. పట్నం కోర్టు వరండాలో తలొంచుకు నిలబడాల్సిన సాక్షులు తమ ఊళ్లో తమవాళ్ల మధ్య నిలబడి చెప్పారు. 2007 జూలైలో శిక్షలు పడ్డాయి. 2014 ఏప్రిల్‌లో, హైదరాబాదులో కూర్చున్న హైకోర్టు వాటిని కొట్టేసింది. రక్తక్షేత్రం మాత్రం ఊళ్లోనే ఉంది.