వీటో పవర్ ఉన్నా బ్రిటన్ ఎందుకు వెనక్కి తగ్గింది? నీలి హెల్మెట్ల శాంతి సేన ఎలా పుట్టిందో తెలుసా?

నెత్తిన నీలి రంగు హెల్మెట్, తెల్ల వాహనాలపై నల్లటి 'యూఎన్' అక్షరాలు.. యుద్ధ వార్తల వీడియోల్లో ఈ సైనికులు తరచూ కనిపిస్తుంటారు. కానీ ఐక్యరాజ్యసమితికి సొంత సైన్యమే లేదు! మరి వీళ్లంతా ఎవరు? జీతాలు ఎవరిస్తారు? తెలియాలంటే 1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ దగ్గరికి వెళ్లాలి. ఒక దేశాన్ని నిజంగా పవర్‌ఫుల్‌గా మార్చేది ఏంటన్నది కూడా అక్కడే బయటపడింది.

1956 జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేసేశారు. అప్పటిదాకా ఆ కంపెనీలో పెద్ద వాటాలు బ్రిటన్ ప్రభుత్వానివి, ఫ్రాన్స్ షేర్‌హోల్డర్లవి. యూరప్‌కు వెళ్లే చమురు నౌకలకు అదే దగ్గరి దారి. దీంతో బ్రిటన్, ఫ్రాన్స్ రగిలిపోయాయి. పారిస్ దగ్గర్లోని సెవ్ర్ అనే ఊళ్లో ఇజ్రాయెల్‌తో కలిసి సీక్రెట్ ప్లాన్ వేశాయి. ముందు ఇజ్రాయెల్ దాడి చేయాలి.. ఆ తర్వాత ఇద్దరినీ విడదీసే వంకతో బ్రిటన్, ఫ్రాన్స్ దిగాలి. ఇదీ స్కెచ్.

అనుకున్నట్టే అక్టోబర్ 29న ఇజ్రాయెల్ సేనలు సినాయ్‌లోకి దూసుకెళ్లాయి. మర్నాడే విషయం భద్రతా మండలికి చేరింది. అయితే తీర్మానాన్ని బ్రిటన్, ఫ్రాన్స్ వీటోతో అడ్డుకున్నాయి. మండలిలో ఐదు శాశ్వత సభ్య దేశాలకు ఉన్న ఆయుధం ఇదే. మిగతా దేశాలన్నీ ఓకే అన్నా, ఈ ఐదింటిలో ఒక్కటి కాదంటే చాలు.. తీర్మానం అక్కడితో ఆగిపోతుంది. దాడికి దిగిన దేశాలే జడ్జి కుర్చీలో కూర్చున్నట్టు అన్నమాట!

కానీ ఇక్కడే ట్విస్ట్. మండలి చేతులెత్తేస్తే విషయాన్ని జనరల్ అసెంబ్లీకి తీసుకెళ్లొచ్చని 1950లోనే ఒక తీర్మానం ఉంది. అసెంబ్లీలో వీటో చెల్లదు. నవంబర్ 2న కాల్పుల విరమణ కోరుతూ పెట్టిన తీర్మానానికి అనుకూలంగా 64 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకంగా ఐదే! కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ ఓ ఐడియా ఇచ్చారు. యుద్ధం చేసే సైన్యం కాకుండా, ఇరుపక్షాల మధ్య నిలబడే సైన్యం కావాలన్నారు. ఈ ఆలోచనే ఆయనకు 1957 నోబెల్ శాంతి బహుమతి తెచ్చిపెట్టింది.

అయితే ఓట్లు చూసి బ్రిటన్ భయపడిందా అంటే.. అంత సీన్ లేదు. అసలు దెబ్బ పౌండ్‌పై పడింది. యుద్ధంతో బ్రిటన్ దగ్గరున్న డాలర్ నిల్వలు కరిగిపోతున్నాయి. ఈజిప్టు నౌకలను ముంచేసి కాలువను మూసేసింది. చమురుకూ కటకటే. ఐఎంఎఫ్ నుంచి అప్పు కావాలంటే ముందు సైన్యాన్ని వెనక్కి తీసుకోవాల్సిందేనని అమెరికా తేల్చిచెప్పింది. అణుబాంబు ఉంది, వీటో ఉంది, నౌకాదళం ఉంది.. కానీ చేతిలో డాలర్లు లేవు! డిసెంబర్ 22 నాటికి బ్రిటన్, ఫ్రాన్స్ సేనలు వెళ్లిపోయాయి. కొత్త ఏడాది మొదట్లోనే బ్రిటన్ ప్రధాని ఈడెన్ పదవి వదులుకున్నారు.

రంగు స్ప్రే కొట్టిన హెల్మెట్లు

ఐరాస ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్ రోజుల వ్యవధిలోనే దళాన్ని సిద్ధం చేశారు. భారత్ సహా పది దేశాలు సైనికులను పంపాయి. ఐదు శాశ్వత సభ్య దేశాల నుంచి మాత్రం ఒక్కరినీ తీసుకోలేదు. బ్రిటిష్ సైనికులని పొరబడి ఎవరైనా కాలిస్తే? అందుకే దూరం నుంచే తెలిసేలా నీలి టోపీలు ఇవ్వాలనుకున్నారు. అవి కుట్టించే టైమ్ లేక అమెరికా హెల్మెట్లకే నీలి రంగు స్ప్రే కొట్టారు. 'క్వీన్స్ ఓన్ రైఫిల్స్' అనే కెనడా రెజిమెంట్‌ను మాత్రం నాసర్ వద్దన్నారు. పేరులోనే బ్రిటన్ రాణి ఉందిగా మరి!

నాసర్‌ను అడగడం ఎందుకంటే.. ఆ దేశం ఒప్పుకుంటేనే శాంతి సేన అడుగుపెట్టాలి. ఎవరి పక్షమూ వహించకూడదు. ఆత్మరక్షణకు, అప్పగించిన బాధ్యతను కాపాడుకోవడానికి తప్ప తుపాకీ పేల్చకూడదు. ఇప్పటికీ శాంతి సేనకు ఇవే మూల సూత్రాలు. ఇప్పుడు మిషన్‌కు అనుమతి సాధారణంగా భద్రతా మండలే ఇస్తుంది. 15 మందిలో కనీసం 9 ఓట్లు రావాలి, ఎవరూ వీటో వాడకూడదు.

జీతాల సంగతికొస్తే.. సైనికుడికి జీతమిచ్చేది సొంత దేశమే. ఒక్కో సైనికుడికి నెలకు 1,400 డాలర్లకు పైగా చొప్పున ఆ దేశానికి ఐరాస చెల్లిస్తుంది. ఈ ఖర్చును సభ్య దేశాలు వాటాలుగా భరిస్తాయి. పెద్ద వాటా అమెరికాది. సైనికులను ఎక్కువగా పంపేదేమో నేపాల్, బంగ్లాదేశ్, భారత్, రువాండా లాంటి దేశాలు. అంటే డబ్బు ఒకరిది, ప్రాణాలు మరొకరివి. 1948 నుంచి ఇప్పటివరకు 4 వేల మందికి పైగా శాంతి సైనికులు విధుల్లో చనిపోయారు.

'ఒప్పుకుంటేనే' అన్న రూల్ ఎంత బలహీనమో 1967లో తేలింది. ఆ ఏడాది మేలో దళాన్ని వెళ్లిపోమని నాసర్ చెప్పారు. ఇజ్రాయెల్ అయితే తమ వైపు ఈ దళాన్ని మొదటి నుంచీ ఉండనివ్వలేదు. ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ ఉపసంహరణకు ఒప్పుకున్నారు. జూన్ 5న యుద్ధం మొదలైంది. అప్పటికి ఇంకా గాజాలోనే ఉన్న భారత సైనికుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు.

సినాయ్‌లో ఇప్పుడు కూడా ఓ శాంతి దళం ఉంది. కానీ అది ఐరాసది కాదు. 1979లో ఈజిప్టు, ఇజ్రాయెల్ శాంతి ఒప్పందం చేసుకున్నాక ఐరాస సేన కావాలనుకుంటే, సోవియట్ యూనియన్ వీటో వాడేలా కనిపించింది. దాంతో వేరే దళం పెట్టుకున్నారు. 1982 నుంచి అదే కాపలా కాస్తోంది. ఆ సైనికుల టోపీ నీలం కాదు, ఇటుక రంగు.